ఐదు గంటలలోగా మూడు డిస్కులు

ఆ రెండో శనివారం ఉదయం పాండురంగారావు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. ఆరున్నరకి లేవడం, భార్య శోభారాణి వంటింట్లో ఉండగానే కంప్యూటరు ముందు కూర్చుని నాటిక వీడియోను మూడు డీవీడీల మీదికి ఎక్కించడం, తొమ్మిది దాటాక రేపల్లె బండి పట్టుకుని వాటిని పరిషత్తు కార్యదర్శి చేతిలో పెట్టడం, భోజనాల వేళకి తెనాలి తిరిగి వచ్చేయడం. ఇంత చక్కని పథకాన్ని ఆయన పదిహేను రోజుల ముందే అమలు చేసి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

పాండురంగారావు పగలు ఎరువుల గోడౌనులో సూపర్‌వైజరు. సాయంత్రాలు చెంచుపేటలోని ఒక చిన్న నాటక సమాజానికి రచయిత, దర్శకుడు, కథానాయకుడు. టీలు తెప్పించే బాధ్యత కూడా ఆయనదే. ఈ ఏడాది నాటిక పేరు ‘గడప దాటని గొడుగు’. దాన్ని రేపల్లె పరిషత్తు పోటీలకి పంపాలి. ఆ పరిషత్తు నిబంధనల పుస్తకం అచ్చయి పద్దెనిమిదేళ్ళు దాటింది. అందులోని ఏడో నిబంధన ప్రకారం ప్రదర్శన మొత్తాన్నీ మూడు డీవీడీ ప్రతులుగా, గడువు తేదీ సాయంత్రం ఐదు గంటలలోగా, కార్యదర్శికి స్వయంగా అందజేయాలి. లోకంలో డీవీడీలు మూలపడి చాలా కాలమైంది గానీ నిబంధన మూలపడలేదు. దాన్ని మార్చాలంటే సర్వసభ్య సమావేశం జరగాలి. సమావేశం జరగాలంటే అధ్యక్షుడూ కార్యదర్శీ ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి. వాళ్ళు చూసుకోవడం మానేసి ఆరేళ్ళయింది.

ఆ కార్యదర్శి పేరు వరప్రసాదం మాస్టారు. రిటైరైన హెడ్మాస్టరు. మూడేళ్ళ కిందట పాండురంగారావు ఆకుపచ్చ సిరాతో నింపిన దరఖాస్తును, నిబంధనల్లో నీలం సిరా అని ఉందని చూపించి, వాకిట్లోంచే తిప్పి పంపిన మనిషి.

గడువు ఆ శనివారమే. కానీ శోభారాణి లెక్క ప్రకారం డిస్కులు రేపల్లె చేరి రెండు వారాలైంది. ఒక రాత్రి అన్నం తింటుండగా ఆమె “ఏవండీ, డిస్కులు ఇచ్చేశారా?” అని అడిగితే, నోట్లో ముద్ద ఉండగా ఆయన తల ఊపాడు. నిజానికి అప్పటికి ఆయన వీడియో మొదట్లో పేర్లు వేసుకునే పనిలో ఉన్నాడు. తన పేరు మూడు చోట్ల వస్తోంది. నాలుగో చోట ‘పర్యవేక్షణ’ అని వేస్తే బాగుంటుందా, బాగుండదా అన్న మీమాంసలో రెండు వారాలు గడిచిపోయాయి.

అబద్ధం చిన్నదే. కానీ ఆ నాటికలో కథానాయిక శోభారాణి. పెళ్ళికి ముందు బాపట్ల కాలేజీలో చదివే రోజుల్లో ఆమె స్టేజీ ఎక్కితే హాలు నిశ్శబ్దమైపోయేదని పాండురంగారావు విని ఉన్నాడు. విని ఊరుకున్నాడు. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఏటా ఎక్కడెక్కడి నుంచో నటీమణుల్ని బతిమాలి తెచ్చుకున్నాడే గానీ, ఇంట్లో ఒకతె ఉందని ఆయనకి తట్టలేదు. ఈసారి మాట్లాడుకున్నావిడ అవే తేదీల్లో ఇంకో సమాజానికి ఒప్పుకుని చేతులెత్తేసింది. అప్పుడు శోభారాణి బెండకాయలు తరుగుతూ “నాకు డైలాగులన్నీ వచ్చుగా, నేను చెప్పనా?” అంది. వీడియో తీసిన రోజున చివరి దృశ్యంలో ఆమెను చూస్తూ పాండురంగారావు తన డైలాగు తను మర్చిపోయాడు. ఆ రోజు నుంచి ఆమె నడకలోనే ఏదో తేడా వచ్చింది. లాయరు గారి ఆఫీసులో టైపు పని ముగించుకుని ఇంటికి రాగానే “ఇంకా కబురేం రాలేదా అండి?” అని అడుగుతోంది. అడిగినప్పుడల్లా పాండురంగారావు పేపరు అడ్డం పెట్టుకుంటున్నాడు. ఇవాళ ఐదు దాటితే ఇరవై రెండేళ్ళకి దొరికిన ఆ ఒక్క అవకాశం తన పేరు నాలుగో చోట వేసుకోవాలన్న యావ వల్ల పోతుంది. ఆ సంగతి ఆలోచించడానికి కూడా ఆయనకి ధైర్యం చాలలేదు.

కంప్యూటరు పాతదే అయినా మర్యాద ఎరిగినది. మేకప్ పెట్టెతో సమానంగా ప్రతి విజయదశమికీ పూజ అందుకుంటుంది. అలాంటిది ఆ ఉదయం మొదటి డిస్కును తొంభై ఏడు శాతం దాకా తీసుకెళ్ళి అక్కడ ఆపేసింది. రెండో డిస్కు పెడితే, నువ్వు పెట్టింది డిస్కే కాదు పొమ్మంది. మూడోదాన్ని మింగేసి, గరగరమని నాలుగు శబ్దాలు చేసి, ఎంత నొక్కినా నోరు తెరవలేదు. పాండురంగారావు పిన్నీసుతో పొడిచాడు, అరచేత్తో కొట్టాడు, చివరికి దండం పెట్టాడు. ఎనిమిదిన్నర అయింది.

“ఏంటండి ఆ చప్పుడు?” అంది శోభారాణి వంటింట్లోంచి.

“ఏం లేదు. ఫ్యాను.”

“ఫ్యాను వెయ్యలేదుగా.”

“అందుకే” అని చొక్కా తొడుక్కున్నాడు. “గోడౌనుకి స్టాకొచ్చిందట, వెళ్ళొస్తా.”

“సెలవు రోజున స్టాకేంటండి?” అన్న ప్రశ్న ఆయన వీపుకి తగిలింది. కాలుగాలిన పిల్లిలా వీధిలో పడ్డాడు.

తెనాలిలో కంప్యూటరు సామాన్ల షాపు గౌతమ్ అనే అతనిది. పదింటికి షట్టరు పైకెత్తుతుంటే మెట్టు మీద కూర్చుని ఉన్న పాండురంగారావు కనిపించాడు. గంటన్నర నుంచీ ఆయన అక్కడే ఉన్నాడు.

“డిస్కులు రాసే డ్రైవు కావాలి బాబూ. పాతది పోయింది.”

“ఈ రోజుల్లో అదేంటి బాబాయ్, ఎవరూ అడగట్లేదు” అంటూనే గౌతమ్ అటక మీద నుంచి మూడు పెట్టెలు దింపి దుమ్ము ఊదాడు. “ఇవి రెండూ లోపల బిగించేవి. ఇది బయట తగిలించేది. లోపలివాటిలో ఇది వెడల్పాటి వైరుది, ఇది సన్న వైరుది. మీ దాంట్లో ఏ వైరుందండి?”

పాండురంగారావుకి తెలియదు. తన కంప్యూటరు కడుపులో వైర్లుంటాయన్న సంగతే ఆయన అప్పటిదాకా ఆలోచించలేదు. “మంచిదేదో అదే ఇవ్వు” అన్నాడు.

“మంచి చెడ్డల ప్రశ్న కాదండి. వెడల్పాటి దానికి సన్నది ఎక్కదు, సన్న దానికి వెడల్పాటిది ఎక్కదు. ఎప్పుడు కొన్నారు?”

“మా నాటికకి బాపట్లలో బహుమతి వచ్చిన ఏడు.”

గౌతమ్‌కి ఆ ఏడాది ఏదో తెలియలేదు. అతని తప్పు కాదు. “ఇంట్లో ఎవరన్నా ఉంటే మూత తీసి చూడమనండి” అన్నాడు.

ఇంట్లో ఉన్నది ఒకే ఒక్క మనిషి. తెలియకూడని మనిషీ ఆవిడే. పాండురంగారావు పావుగంట సేపు రెండు పెట్టెల్నీ చేతుల్లో పట్టుకుని, ఎడమదాన్ని కుడివైపుకీ కుడిదాన్ని ఎడమవైపుకీ మార్చాడు. కొన్నది ఎక్కకపోతే మళ్ళీ రావాలి. మళ్ళీ వస్తే రేపల్లె బండి పోతుంది. చివరికి ఫోను తీసి, గొంతులోకి ఎక్కడలేని తేలికదనాన్నీ తెచ్చుకున్నాడు.

“శోభా, ఏం లేదూ, గోడౌను కంప్యూటరుకి ఏదో పార్టు కొనాలట. మన దాంట్లో డిస్కు పెట్టే పెట్టె వెనక వైరు వెడల్పుగా ఉందో సన్నగా ఉందో ఒకసారి మూత తీసి చూస్తావా? ఊరికే చూసి చెప్పు.”

“చూస్తానండి” అంది శోభారాణి.

పది నిమిషాల తర్వాత ఫోను మోగింది. “ఏవండీ, వెడల్పాటిదీ ఉంది, సన్నదీ ఉంది. చీకట్లో ఏదేదో తెలీక స్క్రూలన్నీ తీసేసి, లోపలిదంతా మంచం మీద పరిచాను. అసలు దీన్లో ఏముందో తెలుసా మీకు...”

పాండురంగారావు ఫోను కట్ చేశాడు. వీడియో ఉన్నది ఆ కంప్యూటర్లోనే. ఇప్పుడది దుప్పటి మీద ముక్కలు ముక్కలుగా పడి ఉంది. డిస్కుల డ్రైవు ఒక్కటే పోయిందనుకుంటే ఇప్పుడు ఇల్లూ పోయింది, వాకిలీ పోయింది. గోరుచుట్టు మీద రోకలిపోటు అంటారే, అది తనకి ఫోనులో పడింది. పైగా ఆ “ఏముందో తెలుసా” అన్న మాటకి ఆయన మనసులో ఒకటే అర్థం తోచింది. లోపల ఇరుక్కున్న డిస్కును ఆమె చూసేసింది. దాని మీద ఆయనే స్వయంగా ‘రేపల్లె పరిషత్తు, మూడో ప్రతి’ అని రాశాడు.

ఫోను మళ్ళీ మోగింది. ఎత్తలేదు. మళ్ళీ మోగింది.

“ఎవరండి?” అన్నాడు గౌతమ్.

“రాంగ్ నంబరు” అన్నాడు పాండురంగారావు, తెర మీద భార్య ఫొటోను అరచేత్తో కప్పుతూ.

అప్పుడు గుర్తొచ్చాడు మనోహర్. నాటిక వీడియో తీసిన కెమెరా అతను బాపట్లలో ఉంటాడు. అసలు కాపీ అతని దగ్గర ఉండి తీరాలి. “ఆ బయట తగిలించేది ఇచ్చెయ్యి బాబూ, ఏ కంప్యూటరుకైనా పనిచేస్తుంది కదా?”

“చేస్తుందండి. ఏడాది గ్యారంటీ కూడా ఉంది.”

“ఏడాది ఎందుకయ్యా. ఇవాళ సాయంత్రం ఐదింటి దాకా పనిచేస్తే చాలు.”

బాపట్ల బండిలో కిటికీ పక్కన చోటు దొరికినా ఆయన కూర్చోలేదు. నిలబడితే బండి త్వరగా వెళుతుందన్నట్టు తలుపు దగ్గరే నిలబడ్డాడు. నిడుబ్రోలు దాటేలోపు ఫోను ఐదుసార్లు మోగింది. ఆ మోతలో కోపం హెచ్చుతున్నట్టు కూడా ఆయనకి వినిపించింది. అప్పికట్ల దగ్గర ఫోను పూర్తిగా ఆపేశాడు. చార్జింగు మిగులుతుందని తనకి తాను నచ్చజెప్పుకున్నాడు.

మనోహర్ ఇంటి దగ్గర లేడు. రథం బజారు అవతల కల్యాణ మండపంలో ఓణీల ఫంక్షను తీస్తున్నాడని పక్కింటివాళ్ళు చెప్పారు. పాండురంగారావు చెమటలు కక్కుకుంటూ అక్కడికి వెళ్ళేసరికి మనోహర్ స్టేజీ మీద కెమెరాతో ఉన్నాడు, చుట్టూ రెండు వందల మంది ఉన్నారు. చెయ్యి ఊపాడు. మనోహర్ చూడలేదు గానీ, గుమ్మం దగ్గర పన్నీరు చల్లుతున్న పెద్దాయన చూశాడు.

“ఏంటి బావగారూ, ఇంత ఆలస్యం? రండి రండి. అక్కయ్య రాలేదా?”

“నేను కెమెరా అబ్బాయి కోసం అండి...”

“ఫొటో తర్వాత దిగుదురు గాని, ముందు అమ్మాయిని ఆశీర్వదించండి.”

మన వైపు ఫంక్షన్లలో ఒక సౌకర్యం ఉంది. నువ్వెవరని ఎవరూ అడగరు. అడిగితే చుట్టరికం మర్చిపోయామని తెలిసిపోతుంది కదా. ఆ సౌకర్యమే పాండురంగారావు ప్రాణం మీదికి వచ్చింది. ఆయన్ని స్టేజీ ఎక్కించారు, అమ్మాయి తల మీద అక్షింతలు వేయించారు, మేనమామల వరసలో నిలబెట్టి ఫొటో తీయించారు. ఆ ఫొటో తీసినవాడు మనోహరే.

“గురువుగారూ, మీరు వీళ్ళ చుట్టాలా?” అన్నాడు కెమెరా దించి.

“కాదయ్యా. నువ్వు దిగు. నాటిక వీడియో కావాలి, ఇప్పుడే కావాలి.”

“మొదటి బంతి భోజనాలు తీసేదాకా కదలకూడదండి. మీరూ ఓ బంతిలో కూర్చోండి, అయిపోతుంది.”

కూర్చోనని ఆయన అనేలోపే ఎవరో “బాబాయ్ గారికి ఆకు వేయండి” అన్నారు. గోంగూర వచ్చింది, పప్పు వచ్చింది, పనసకాయ కూర వచ్చింది. సగంలో లేవబోతే ఒకావిడ భుజం పట్టి కూలేసి “పెరుగు దాకా తినకుండా లేస్తే మాకు బాధగా ఉంటుంది అన్నయ్యా” అంది. గోడ గడియారం ఎదురుగా ఉంది. పాండురంగారావు జీవితంలో ఎప్పుడూ గడియారాన్ని నంజుకుని భోజనం చేయలేదు. ఆ రోజు చేశాడు. చెయ్యి కడిగేసరికి ఒకటిన్నర.

మనోహర్ స్టూడియో ఒక షట్టరు గది. వీడియో ఉంది. దాన్ని చూడగానే పాండురంగారావుకి ఏడుపు వచ్చినంత పనైంది. పెట్టెలోంచి కొత్త డ్రైవు తీశారు. దాని తీగకి చివర రెండు తలలున్నాయి, రెండూ పెద్దవి. మనోహర్ లాప్‌టాపులో ఉన్నది ఒకటే కన్నం, అది చీమ దూరేంత. డ్రైవు కొనేటప్పుడు తీగ చివర చూసుకోవాలన్నది ఆయన ఆ రోజు నేర్చుకున్న రెండో పాఠం. మొదటిది తీగ వెడల్పు.

“పాత కంప్యూటరు ఉందండి” అని మనోహర్ మూల నుంచి గుడ్డ తొలగించాడు. దానికి ముందువైపు తగిలిస్తే డ్రైవు రెండుసార్లు తిరిగి ఊరుకుంది. శక్తి చాలడం లేదన్నాడు మనోహర్. వెనకవైపు రెండు తలలూ తగిలిస్తే తిరిగింది. పాండురంగారావు ఊపిరి పీల్చుకోబోయి, ఖాళీ డిస్కులు తెనాలిలో కొనలేదని గుర్తొచ్చి, పీల్చకుండానే ఆగిపోయాడు.

మనోహర్ సొరుగులన్నీ వెతికి సరిగ్గా మూడు తీశాడు. ఎప్పుడో పెళ్ళిళ్ళ కోసం అచ్చు వేయించినవి. ఒక్కొక్క దాని మీద రెండు చిలకలు, వాటి మధ్య బంగారు రంగులో ‘శుభవివాహం’.

“వేరేవి లేవా?”

“బాపట్ల మొత్తం మీద ఇవే ఉండొచ్చు గురువుగారూ.”

ఒక్కొక్కటి పద్దెనిమిది నిమిషాలు తీసుకుంది. శాతం అంకె కదిలినప్పుడల్లా పాండురంగారావు పెదవులు కదిలాయి. తొంభై ఏడు దగ్గర మూడుసార్లూ కళ్ళు మూసుకున్నాడు. మూడూ గట్టెక్కాయి. చిలకల కింద మార్కరుతో నాటిక పేరు రాసి, ఒక పాత పుస్తకం మధ్య పెట్టి సంచిలో వేసుకుని పరుగెత్తేసరికి మూడు కావస్తోంది. చెరుకుపల్లి మీదుగా వెళ్ళే రేపల్లె బస్సు కదులుతుండగా ఎక్కాడు.

బస్సులో ఆయనకి మొదటిసారిగా ఆలోచించుకునే తీరిక దొరికింది. దొరక్కపోతేనే బాగుండేది. కర్లపాలెం దాకా మాస్టారు గుర్తొచ్చారు. ఆ తర్వాతంతా శోభారాణే. మంచం మీద స్క్రూల మధ్య కూర్చుని, మూడో ప్రతి అని రాసిన ఆ డిస్కును చేత్తో పట్టుకున్న శోభారాణి. ఆమె కోప్పడితే భరించవచ్చు. కోప్పడకుండా “పోనీలెండి” అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోతే ఏం చేయాలో ఆయనకి తెలియలేదు. ఇరవై రెండేళ్ళుగా ఆమె ఆ మాటే అంటోందని, తను దాన్ని సరదాకి తీసుకున్నాడని ఆ బస్సులో కూర్చున్నాక తట్టింది. సంచిని రెండు చేతులతో గుండెకి అదుముకున్నాడు. పుస్తకం జారిపోయి డిస్కులు నేరుగా అరచేతుల కిందికి వచ్చిన సంగతి గమనించలేదు. చెమట పడుతూనే ఉంది.

నాలుగూ నలభైకి రేపల్లెలో దిగాడు. మాస్టారి ఇల్లు స్టేషనుకి దగ్గరే. గేటు తీస్తూనే, కళ్ళు మసకలు కమ్ముతుండగానే, సంచి లోంచి డిస్కులు పైకెత్తి “మాస్టారూ, డిస్కులు తెచ్చానండి” అన్నాడు.

అప్పుడు చూశాడు. వరండాలో మాస్టారు రిజిస్టరు ముందేసుకుని కూర్చున్నారు. ఆయనకి ఎదురుగా కుర్చీలో, చేతిలో కాఫీ గ్లాసుతో, శోభారాణి కూర్చుని ఉంది.

“ఏం డిస్కులండి?” అన్నారు మాస్టారు నెమ్మదిగా. “మీ సమాజం ప్రవేశం మధ్యాహ్నం ఒకటీ ఇరవైకే నమోదైంది. మీ ఆవిడ గారే మూడు డిస్కులూ తెచ్చారు. మీరు మళ్ళీ తెచ్చారా?” ఆయన చెయ్యి నిబంధనల పుస్తకం మీదికి వెళ్ళింది. “తొమ్మిదో నిబంధన గుర్తుందా? ఒక సమాజం ఒకటికి మించి ప్రవేశాలు పంపిన ఎడల అన్నియు రద్దగును.”

ముప్పై ఏళ్ళుగా స్టేజీ మీద అనర్గళంగా మాట్లాడిన పాండురంగారావు ఎత్తిన డిస్కులు దించడం కూడా మర్చిపోయాడు. శోభారాణి ఆయన వైపు ఒక్క క్షణం చూసింది. ఆ చూపులో ‘కదలకండి’ అని ఉంది. తర్వాత హాయిగా నవ్వింది.

“అవా మాస్టారూ? అవి పెళ్ళి వీడియోలండి. పొద్దున బాపట్లలో మా చుట్టాల ఇంటికెళ్ళారు. తెమ్మని నేనే చెప్పా. తెచ్చారా అండీ?”

“తెచ్చాను” అన్నాడు పాండురంగారావు. ఆయన డైలాగు ఆయనకి ఆమే అందించింది.

మాస్టారు చెయ్యి చాచి ఒక డిస్కు తీసుకుని కళ్ళజోడు పెట్టుకున్నారు. చిలకల్ని చూశారు. “శుభవివాహం. సరే. కింద ఏదో రాసుందే.” చెమటకి మధ్యమాట చెరిగిపోయి అటూ ఇటూ రెండే మిగిలాయి. “గడప... గొడుగు. ఏంటమ్మా ఇది?”

“ఇంటిపేర్లండి” అంది శోభారాణి, కాఫీ ఒక గుక్క తాగి. “గడప వారి అబ్బాయి, గొడుగు వారి అమ్మాయి.”

“గొడుగు వారా? ఏ ఊరు?”

“కాకుమానండి.”

“కాకుమానులో నేను ఆరేళ్ళు పనిచేశానమ్మా. అక్కడ గొడుగు వారెవరూ లేరే.”

పాండురంగారావు స్తంభాన్ని పట్టుకున్నాడు. శోభారాణి తొణకలేదు. “మీరుండగా లేరండి. కొలకలూరు నుంచి వచ్చి స్థిరపడ్డారు. పిల్లకి కాస్త ఆలస్యంగా కుదిరింది, పాపం వాళ్ళమ్మ ఎన్ని మొక్కులు మొక్కిందో” అంది. ఆ ‘పాపం’ అన్న మాట దగ్గర ఆమె గొంతు కొంచెం తగ్గింది. లేని తల్లి కోసం మాస్టారి ముఖంలో జాలి కనిపించింది. నిజం చెప్పాలంటే పాండురంగారావుకి కూడా ఆ తల్లి మీద జాలి కలిగింది.

“కుదిరిందిగా, సంతోషం” అని మాస్టారు డిస్కు తిరిగి ఇచ్చేశారు.

లోపల గడియారం ఐదు కొట్టింది. మాస్టారు స్కేలు పెట్టి రిజిస్టరులో ఎర్ర గీత గీశారు. గీతకి పైన ఒకే ఒక్క వరస ఉంది. పాండురంగారావు మెడ చాచి చూశాడు.

“మిగతావాళ్ళో మాస్టారూ?”

“పదిహేడు మంది ఫోనుకి లింకులు పంపారు. అధ్యక్షుల వారు ఏదో గ్రూపులో లింకులు చాలునని పెట్టారట. నేను ఆ గ్రూపులో లేను.” పుస్తకం మూసి దాని మీద చెయ్యి వేశారు. “లింకు అన్న మాట నిబంధనల్లోనూ లేదు.”

ఇద్దరూ స్టేషను వైపు నడిచారు. మలుపు తిరిగాక పాండురంగారావు “నీకెప్పుడు తెలిసింది?” అన్నాడు.

“మీరు ఇచ్చేశానన్న మర్నాడే. డిస్కులతో పాటు ఇవ్వాల్సిన దరఖాస్తు మీ లాల్చీ జేబులో పడి ఉతుక్కొచ్చింది. ఆరబెట్టి ఇస్త్రీ చేసి దాచా. సబ్బు వాసనొస్తోందన్నారు మాస్టారు. నిబంధనల్లో వాసన గురించి లేదని తీసుకున్నారు.”

“మరి అడగలేదేం?”

“మీరే చెబుతారని చూశానండి.” ఆమె ఆ మాట మామూలుగానే అంది. ఆయనకి మాత్రం తగలాల్సిన చోట తగిలింది. “పొద్దున మీరు ఫోన్ చేసి వైరు చూడమంటే సంగతి అర్థమైంది. విప్పి చూస్తే డ్రైవు లోపల చారెడు అక్షింతలు. ఏటా దసరాకి ఆ పళ్ళెం బయటికి లాగి, అందులో అక్షింతలేసి మూసేది మీరేగా? అదే చెప్పబోతుంటే పెట్టేశారు. దులిపి మళ్ళీ బిగించి, మా ఆఫీసువి ఖాళీ డిస్కులు ఇంట్లో ఉంటే పెట్టా. గంటలో మూడూ అయిపోయాయి. రమ్మని తొమ్మిదిసార్లు చేశా.”

“డిస్కులు రాయడం నీకు వచ్చా?”

శోభారాణి నడక ఆపింది. “లాయరు గారి ఆఫీసు నుంచి కోర్టుకి సాక్ష్యాలన్నీ డిస్కుల్లో వెళతాయి. పన్నెండేళ్ళుగా అవి రాస్తున్నది నేనే. డ్రైవు పోతే కొత్తది చూసి కొని బిగించేదీ నేనే. మీరెప్పుడూ అడగలేదుగా.”

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఏమిటో పాండురంగారావుకి కొత్తగా చెప్పనక్కర్లేకపోయింది. ఆయన వెతికింది ఒక ఊరు కూడా కాదు, మూడు ఊళ్ళు. “మరి ఒకటీ ఇరవైకి ఇచ్చి, ఇందాకటి దాకా అక్కడే ఎందుకు కూర్చున్నావు?”

“మనోహర్ మూడు దాటాక గానీ ఫోను ఎత్తలేదు, మీరు డిస్కులు పట్టుకుని బయల్దేరారని అప్పుడు చెప్పాడు. తొమ్మిదో నిబంధన మాస్టారు చదివి వినిపించారు. మీ ఫోను చూస్తే పలకదాయె. వాకిట్లో పట్టుకోవాలని కాపలా కూర్చున్నా. మీరు గేటు దగ్గర్నుంచే మొదలుపెట్టారు.”

“తప్పయిపోయింది శోభా” అన్నాడాయన. ఏ నాటికలోనూ అంత పొట్టి డైలాగు ఆయన రాసుకోలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె చూసింది, చూడనట్టు సంచి అందుకుంది, తెనాలి బండి వచ్చేస్తోందని తొందర పెట్టింది.

మూడు వారాల తర్వాత రేపల్లె పరిషత్తు పోటీలు నిబంధనల ప్రకారం మూడు రోజులు జరిగాయి. మొదటి రోజు జ్యోతి వెలిగించారు, మూడో రోజు బహుమతులిచ్చారు, మధ్య రోజు సాయంత్రం ‘గడప దాటని గొడుగు’ ఆడారు. చివరి దృశ్యంలో హాలు నిశ్శబ్దమైపోయింది. పాండురంగారావు ఈసారి డైలాగు మర్చిపోలేదు గానీ, అది ఎవరికీ వినపడలేదు, జనమంతా శోభారాణినే చూస్తున్నారు. ఉత్తమ నటి బహుమతి ఆమెకు ఏకగ్రీవంగా వచ్చింది. జ్ఞాపిక అందుకుని దిగుతూ ఆమె జనంలో ఆయన ఎక్కడున్నాడో వెతుక్కుని మరీ చూసింది. ఆయన చప్పట్లు కొట్టడం అందరికంటే ఆలస్యంగా ఆపాడు.

తర్వాత న్యాయనిర్ణేతలు దర్శకత్వం గురించి చాలాసేపు చర్చించుకుని, పోటీలో ఆడిన ఆ ఒక్క నాటికకీ ద్వితీయ బహుమతి ప్రకటించారు.